గాలికి ఎగువ, గాలికి దిగువ: పిల్లలకు గ్వాడెలూప్ భూగోళం

కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవుల గురించి పిల్లలకు చెప్పే పాఠం ఏది చూసినా ఒకేలా మొదలవుతుంది: ఈ దీవి సీతాకోకచిలుకలా ఉంటుంది. రెక్కలకు రంగులు వేయిస్తారు, రాజధాని పేరు రాయిస్తారు, అక్కడితో సరి. ఆ పోలిక తప్పేం కాదు, పైనుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. కాకపోతే సీతాకోకచిలుకకు రెండు రెక్కలూ ఒకటే. ఇక్కడ ఒక రెక్క అగ్నిపర్వతం, ఇంకోటి పగడపు సున్నపురాయి. ఒక రెక్క కొండకొమ్మున ఏడాదికి పది మీటర్ల వాన పడితే, ఇంకో రెక్క కొసన ఒక మీటరు పడుతుంది. రంగులేసిన పిల్లకి ఈ తేడా ఒక్కటీ అందదు. పైగా గ్వాడెలూప్‌లోనే భాగమైన మరీ గలాంత్, లే సాంత్, లా దెజిరాద్ అనే చిన్న దీవులు ఆ బొమ్మలో ఇమడవు కాబట్టి వాటిని కాగితం అంచున వదిలేస్తారు.

సీతాకోకచిలుకను రెండో రోజుకి వాయిదా వేయండి. మొదటి రోజు గాలితో మొదలుపెట్టండి. గాలి ఎటునుంచి వీస్తుందో పట్టుబడితే ఊళ్ల పేర్లు, రేవులు, వానలు, పంటలు అన్నీ దాని వెంటే వస్తాయి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకైతే నాలుగు పూటలు, పూటకు నలభై నిమిషాలు చాలు.

రేపల్లె నుంచి వేలు జరపడం

గ్వాడెలూప్ ఎక్కడుంది అంటే "వెస్టిండీస్‌లో" అని చెప్పి వదిలేస్తే పిల్లలకు క్రికెట్ తప్ప ఇంకేం తట్టదు. తెలుగు పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. రేపల్లె దాదాపు సరిగ్గా 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. గ్వాడెలూప్ పాలనా కేంద్రమైన బాస్‌తేర్ పట్నమూ అదే గీత మీద ఉంది. అక్కడి పెద్ద వ్యాపార పట్నం ప్వాంత్-ఆ-పీత్ర్, మన మచిలీపట్నం కూడా ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి.

గోడ మీది ప్రపంచ పటంలో రేపల్లె దగ్గర వేలు పెట్టించి, పైకీ కిందకీ జరక్కుండా పడమరకు లాగమనండి. కర్ణాటక దాటి, మాల్వన్ దగ్గర సముద్రంలో దిగి, యెమెన్, ఎర్రసముద్రం, సూడాన్, చాద్, నైజర్ మీదుగా మాలీలో గావో పట్నానికి కాస్త కిందుగా పోయి, సెనెగల్‌లో సాఁ-లూయీ దగ్గర మళ్లీ నీళ్లలో పడి, కేప్ వెర్డె దీవుల్ని రాసుకుంటూ అట్లాంటిక్ దాటితే మొదట తగిలే నేల గ్వాడెలూప్. దారిలో వచ్చిన పేర్లు రాయించండి. పావు వంతు ఎడారి, సగం సముద్రం అని పిల్లలే అంటారు.

దీనికి గ్లోబు కన్నా గోడపటమే మేలు. గ్లోబు మీద రెండు ఊళ్లకీ దారం బిగించి లాగితే అది అక్షాంశం వెంట ఉండదు, ఉత్తరానికి జారిపోతుంది. రబ్బరు బ్యాండు వేసినా అంతే. రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అక్షాంశ రేఖ కాదు కాబట్టి అలా జరుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అది ఇప్పుడు అవసరం లేదు. ఆరో తరగతి పిల్లాడైతే దారం ఎందుకు జారిందో అడిగి చూడండి, ఒక పూట గడిచిపోతుంది.

ఇక గడియారం లెక్క. రేపల్లె తూర్పు రేఖాంశం 80.8, బాస్‌తేర్ పశ్చిమ రేఖాంశం 61.7. కలిపితే 142.5. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 142.5ని 15తో భాగిస్తే 9.5. మనకు సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ పొద్దున్న తొమ్మిది, అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు 80.8 లోంచి 61.7 తీసేయడం. ఒకటి తూర్పు, ఒకటి పడమర కనుక కలపాలి. సున్నా గీతకు ఇటొకడు అటొకడు నిలబడితే ఇద్దరి మధ్య దూరం ఎలా లెక్కేస్తాం అని నేల మీద సుద్దముక్కతో గీసి చూపిస్తే తేలిపోతుంది.

అక్షాంశం ఒకటే కాబట్టి రెండు చోట్లా సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజులూ ఒకటే. మే 5, ఆగస్టు 8 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం కర్రకు నీడ ఉండదు. మరి మేలో గుంటూరు 40 డిగ్రీలు దాటి మండిపోతుంటే గ్వాడెలూప్ తీరం 30 దగ్గరే ఎందుకు ఆగుతుంది? చుట్టూ సముద్రం, పైన ఎడతెగని తూర్పుగాలి. గాలి సంగతికి ఇక్కడినుంచి దిగొచ్చు.

పేర్ల తిరకాసు

పటం పరిచి దాని కుడిపక్క టేబుల్ ఫ్యాన్ పెట్టండి. అవే వ్యాపార పవనాలు, అక్కడి వాళ్ల మాటలో ఆలీజే. ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు, ఈశాన్యాల నుంచే వీస్తాయి. 1493 నవంబరులో కొలంబస్ రెండో యాత్రలో వచ్చింది ఈ గాలిని పట్టుకునే. స్పెయిన్‌లోని గ్వాదలూపె మరియమాత పేరు ఆయన ఈ దీవికి పెట్టాడు. అంతకుముందు అక్కడున్న వాళ్ల పేరు కరుకేరా, అంటే అందమైన నీళ్ల దీవి అని చెబుతారు.

ఇప్పుడు రెండు పెద్ద దీవుల పేర్లు చెప్పండి. పడమటిది బాస్‌తేర్, తూర్పుది గ్రాంద్‌తేర్. ఫ్రెంచి నిఘంటువు తీస్తే మొదటిదానికి "పల్లపు నేల" అని, రెండోదానికి "పెద్ద నేల" అని వస్తుంది. కానీ పల్లపు నేల మీద సూఫ్రియేర్ అనే 1,467 మీటర్ల అగ్నిపర్వతం ఉంది, లెస్సర్ యాంటిల్లీస్ (కరీబియన్ తూర్పు అంచున వరసగా ఉన్న చిన్న దీవులు) అన్నిటిలోనూ ఎత్తయినది అదే. పెద్ద నేల విస్తీర్ణం సుమారు 588 చదరపు కిలోమీటర్లు, పల్లపు నేలది 848. రెండు పేర్లూ తలకిందులే! దీన్ని వెంటనే విప్పి చెప్పకండి, ఒక రాత్రి నాననివ్వండి.

మర్నాడు చెప్పాల్సిన జవాబు తెలుగులో ఇంగ్లిష్ కన్నా సుళువుగా వస్తుంది, ఎందుకంటే మనకు ఎగువ, దిగువ అనే మాటలున్నాయి. కృష్ణకు ఎగువన శ్రీశైలం, దిగువన ప్రకాశం బ్యారేజీ అంటాం. నీరు ఎటు పోతే అటు దిగువ. తెరచాప ఓడలవాళ్లు ఇదే లెక్క గాలికి కట్టారు. గాలి వచ్చే వైపు ఎగువ, గాలి పోయే వైపు దిగువ. బాస్ అంటే ఇక్కడ పల్లం కాదు, గాలికి దిగువ, కొండ చాటున అలలు తగ్గి ఓడ లంగరేసుకునే వైపు. గ్రాంద్‌తేర్ "పెద్దది" ఎలా అయింది అంటే, దాని తూర్పు కొసకు అవతల పెతిత్‌తేర్, అంటే చిన్న నేల, అని రెండు చిట్టి దీవులున్నాయి. వాటి పక్కన అది పెద్దదే మరి.

ఈ తాళంచెవి దొరికాక మిగతా పేర్లు పిల్లలే తెరుస్తారు. బాస్‌తేర్ దీవి పడమటి తీరాన్ని "గాలి కింది తీరం" అనే పిలుస్తారు, తూర్పుది "గాలి తీరం". కాపెస్తేర్ అనే ఊరు రెండు చోట్ల ఉంది, ఒకటి బాస్‌తేర్ దీవిలో, ఒకటి మరీ గలాంత్‌లో. రెండూ గాలి తగిలే తూర్పు తీరంలోనే ఉన్నాయి. ఆ మాటకు అర్థమే గాలికి ఎగువ నేల.

ఒక్క జాగ్రత్త. బాస్‌తేర్ అనే పేరు మూడింటికి ఉంది: దీవికి, పట్నానికి, పాలనా విభాగానికి. చెప్పేటప్పుడు ప్రతిసారీ "దీవి", "పట్నం" అని తోక తగిలించకపోతే పిల్లలు పటంలో దీవి మొత్తాన్ని రాజధాని అనుకుని చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక బిక్కమొహం వేస్తారు.

పిండితో దీవులు

ఇప్పుడు చేతులకు పని. 50 సెంటీమీటర్ల వెడల్పు, 42 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి అట్ట తీసుకోండి. కొలత: 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు. ముందు గీతలు గీయాలి. పడమటి అంచున 61°50', తూర్పున 61°00' రేఖాంశాలు, పది నిమిషాలకొకటి చొప్పున నిలువు గీతలు, మధ్య ఎడం 8.9 సెంటీమీటర్లు. కింద 15°50', పైన 16°30' అక్షాంశాలు, అడ్డగీతల ఎడం 9.3 సెంటీమీటర్లు. అడ్డగీతల ఎడం కాస్త ఎక్కువ ఎందుకంటే భూమధ్యరేఖ దాటి పైకి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరికి జరుగుతాయి. పైన, కుడివైపున రెండేసి సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి, గ్రాంద్‌తేర్ ఉత్తర కొస 16°30' దాటి కొద్దిగా బయటికి వస్తుంది.

పటం నుంచి తీరరేఖను గడి చూసి గడి దింపుకోవాలి. సరిచూసుకోవడానికి గురుతులు: బాస్‌తేర్ పట్నం 16°00' గీత మీద, 61°44' దగ్గర. సూఫ్రియేర్ శిఖరం 61°40' గీత మీదే, 16°00' గీతకు రెండున్నర సెంటీమీటర్లు పైన. ప్వాంత్-ఆ-పీత్ర్ 16°14', 61°32'. గ్రాంద్‌తేర్ తూర్పు కొస, ప్వాంత్ దే షాతో, 16°15', 61°11'. మరీ గలాంత్‌లోని గ్రాఁ-బూర్ 15°53', 61°19'. ఈ అయిదు చుక్కలూ కుదిరితే తీరం వంకరలు కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు.

పిండి పోయకముందే ఒక లెక్క చేయించండి. అదే కొలతకు గీసిన రెండు రెక్కలనీ సెంటీమీటరు గడుల గ్రాఫు కాగితం మీద పెట్టి గడులు లెక్కించమనండి. సగానికి పైగా నిండిన గడి ఒకటి, సగం కన్నా తక్కువైతే సున్నా. బాస్‌తేర్‌కు 212 దగ్గర, గ్రాంద్‌తేర్‌కు 147 దగ్గర రావాలి. ఒక్కో గడి 4 చదరపు కిలోమీటర్లు. "పెద్ద నేల" చిన్నదని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తేలుతుంది. మరీ గలాంత్‌కు 40 గడులు, ఓ చిన్న పూరీ అంత, గుండ్రంగా. లా దెజిరాద్ 5 గడుల సన్నటి పుల్ల. లే సాంత్ దీవులన్నీ కలిపినా మూడు గడులు.

పిండికి రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా కలపాలి. మొత్తం దీవులకు సరిపోయి కొంచెం మిగులుతుంది కూడా. చేతికి అంటుకుంటుంటే మైదా వేయండి, ఉప్పు కాదు. ఉప్పు ఎక్కువైతే ఆరాక పొడిపొడిగా రాలుతుంది.

ఎత్తు దగ్గరే అందరూ పొరపాటు పడతారు. 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్ల లెక్కన 1,467 మీటర్ల సూఫ్రియేర్ ఏడు మిల్లీమీటర్లే, గ్రాంద్‌తేర్ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకని ఎత్తును అయిదింతలు పెంచుతాం: 400 మీటర్లకు 1 సెంటీమీటరు. సూఫ్రియేర్ 3.7 సెంటీమీటర్లు, లే సాంత్‌లోని షామో కొండ (309 మీటర్లు) 8 మిల్లీమీటర్లు, మరీ గలాంత్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు (204 మీటర్లు) 5 మిల్లీమీటర్లు, గ్రాంద్‌తేర్ ఎక్కడా 4 మిల్లీమీటర్లు దాటకూడదు. పెంచిన సంగతి అట్ట మూలన "ఎత్తు 5 రెట్లు" అని పిల్లల చేతే రాయించండి. లేకపోతే ఆ దీవి నీళ్లలోంచి బాణంలా లేచిన కొండ అనుకుంటారు.

నాలుగు సెంటీమీటర్ల పిండి ముద్దను అలాగే ఆరబెడితే పగులుతుంది. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది. అందుకే నలిపిన న్యూస్‌పేపరు ఉండను టేపుతో అట్టకు అంటించి, దాని మీద సెంటీమీటరు మందాన పిండి కప్పాలి. కొండను దీవి నడిమధ్యలో నిలబెట్టకండి. దక్షిణాన సూఫ్రియేర్ దగ్గర ఎత్తు, అక్కడినుంచి వెన్నెముకలా ఉత్తరానికి తగ్గుకుంటూ పోతుంది. నీడపట్టున రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే అంచులు లేస్తాయి. వానాకాలంలో అసలు మొదలుపెట్టవద్దు, ఉప్పు గాలిలో తేమ పీల్చుకుని బొమ్మ మళ్లీ మెత్తబడుతుంది. ఆరాక రెండు కోట్లు ఫెవికాల్ నీళ్లు (సగం సగం) పూస్తే నిలుస్తుంది.

రెండు రెక్కల మధ్య సందు మూసేయవద్దు. అది రివియేర్ సాలే, అంటే ఉప్పు ఏరు. పేరుకే ఏరు, నిజానికి అది సన్నటి సముద్రపు పాయ, రెండు వైపులా మడ అడవి. ఈ కొలతలో దాని వెడల్పు పెన్సిల్ గీతంత కూడా రాదు కానీ గీయాల్సిందే. దాని మీద రెండు వంతెనలున్నాయి. అవి లేకపోతే ఇవి రెండు వేర్వేరు దీవులని పిల్లలు అక్కడే గుర్తిస్తారు. కోరింగ మడ అడవి చూసిన పిల్లలకైతే ఆ చెట్ల వేళ్లు నీళ్లలో ఎలా దిగబడి ఉంటాయో చెప్పక్కర్లేదు.

కొండ మీద పది మీటర్లు

కాగితపు పట్టీలు రెండు కత్తిరించి గోడకు పక్కపక్కనే అంటించండి. పది మిల్లీమీటర్ల వానకు ఒక మిల్లీమీటరు లెక్కన, సూఫ్రియేర్ కొమ్ముకు మీటరు పట్టీ, గ్రాంద్‌తేర్ తూర్పు కొసకు పది సెంటీమీటర్ల పట్టీ. మచిలీపట్నానిది కూడా దాదాపు ఆ చిన్న పట్టీ అంతే. మధ్య దూరం అరవై కిలోమీటర్లు కూడా లేదు, వాన పదింతలు తేడా.

ఎందుకో చూపించడానికి పుస్తకాన్ని ఇంటికప్పులా బోర్లించి దాని మీద న్యూస్‌పేపరు కప్పండి. కుడివైపు ఒక అడుగు దూరంలో ఫ్యాన్ తక్కువ వేగంలో, దాని ముందు నుంచి స్ప్రే సీసాతో సిరా కలిపిన నీళ్లు. కుడి వాలు తడుస్తుంది, ఎడమ వాలు చాలావరకు పొడిగా ఉంటుంది. ఫ్యాన్ జోరుగా పెడితే తుంపర పుస్తకం మీదుగా ఎగిరి అటువైపూ పడుతుంది. మరీ దగ్గరి నుంచి కొడితే మడుగు కడుతుంది. పిండి బొమ్మ మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, కరుగుతుంది.

అయితే ఇది సగం అబద్ధం చెప్పే ప్రయోగం. గాలి నీటి చుక్కలను మోసుకొచ్చి కొండకు కొట్టదు. కనిపించని ఆవిరిని మోసుకొస్తుంది, కొండ అడ్డొచ్చి పైకి లేచినప్పుడు చల్లబడి ఆ ఆవిరి చుక్కలవుతుంది. అందుకని వెంటనే స్టీలు గ్లాసులో ఐసు నీళ్లు పోసి బయట చుక్కలు పట్టడం చూపించాలి. ఇది చూపించకపోతే ఒక ప్రశ్న దగ్గర పిల్లలు తప్పకుండా బోల్తా పడతారు: "గాలి ముందు తగిలేది గ్రాంద్‌తేర్‌కే కదా, మరి అక్కడ వాన ఎందుకు తక్కువ?" గ్రాంద్‌తేర్ చదునుగా ఉంది. గాలి పైకి లేవడానికి మెట్టు లేదు. ఎగువన ఉండటం ఒక్కటే చాలదు, ఎత్తూ ఉండాలి.

పంటలు దీని వెంటే వస్తాయి. తడి ఎక్కువైన కాపెస్తేర్ బెల్లో (బాస్‌తేర్ దీవిలోని కాపెస్తేర్) వాలుల్లో అరటి, వాన తక్కువైన గ్రాంద్‌తేర్‌లో చెరకు. పెద్ద పంచదార మిల్లు గ్రాంద్‌తేర్ తూర్పు తీరాన లె మూల్‌లో ఉంది. ఎండకాలాన్ని అక్కడ కారెమ్ అంటారు, వానాకాలాన్ని ఇవెర్నాజ్. రెండోదానికి నిఘంటువులో చలికాలం అన్న అర్థమూ వస్తుంది, నమ్మకండి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. 1989 సెప్టెంబరులో హ్యూగో, 2017 సెప్టెంబరులో మరియా ఈ దీవుల్ని కొట్టాయి. అవి కూడా ఆ తూర్పు నుంచే వస్తాయి. బంగాళాఖాతం తుపాను చూసిన ఊళ్ల పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పే పని లేదు.

రాయి పొంగుతుందా

గుడ్డు పెంకు, ఆల్చిప్ప, నల్ల కంకర ముక్క, వీటి మీద తలా నాలుగు చుక్కల వెనిగర్. పెంకు, ఆల్చిప్ప బుసబుస పొంగుతాయి, కంకర పొంగదు. గ్రాంద్‌తేర్, మరీ గలాంత్ ఆల్చిప్ప జాతి, పగడాలు పేరుకుని సముద్రం అడుగు నుంచి పైకి లేచిన నేల. బాస్‌తేర్, లే సాంత్ కంకర జాతి, అగ్నిపర్వతం కక్కిన రాయి. రాజమండ్రి దగ్గరున్నవాళ్లు పంగిడి క్వారీల నల్లరాయి తెచ్చుకోవచ్చు, అదీ పాతకాలపు లావాయే. బళ్లో వాడే సుద్దముక్కతో చేయకండి, ఇప్పటి సుద్దముక్కల్లో చాలావరకు జిప్సం, పొంగదు. పొంగకపోతే పాఠమే తలకిందులవుతుంది.

ఇసుక కూడా ఇదే కథ చెబుతుంది. గ్రాంద్‌తేర్ బీచిలు తెల్లన, బాస్‌తేర్ దక్షిణ తీరం బీచిలు నల్లన.

సున్నపురాయి నీటిని మింగేస్తుంది. గ్రాంద్‌తేర్‌లో చెప్పుకోదగ్గ నదులు లేవు, చిన్న చిన్న కుంటలే. బాస్‌తేర్‌లో ఏరులు కొండ నాలుగు వైపులా దిగుతాయి. 115 మీటర్లు, 110 మీటర్లు, 20 మీటర్లు దూకే మూడు కార్బే జలపాతాలు సూఫ్రియేర్ తూర్పు వాలునే ఉన్నాయి. అందుకే గ్రాంద్‌తేర్ కుళాయిలకు నీళ్లు చాలావరకు బాస్‌తేర్ నుంచి పైపుల్లో రావాలి. పాత పైపుల్లో సగానికి పైగా కారిపోతుంది కాబట్టి ఊళ్లకు వంతులవారీగా నీళ్లు వదులుతారు. పది మీటర్ల వాన పడే చోట నీళ్ల కరువు ఏమిటని పిల్లలు అడిగితే పిండి బొమ్మ మీద దారంతో పైపు వేయించండి. దారం ఉప్పు ఏరు దాటాల్సిన చోట వాళ్లకే తెలుస్తుంది.

బేకింగ్ సోడా వద్దు

అగ్నిపర్వతం అనగానే బేకింగ్ సోడా, వెనిగర్, ఎర్రరంగు తీసుకొస్తారు. సూఫ్రియేర్‌కు అది పనికిరాదు. ఆ ప్రయోగం పల్చటి లావా పారే కొండలకు సరిపోతుందేమో గానీ, ఇక్కడి లావా చిక్కన, పారదు, బయటికొచ్చి అక్కడే గుట్ట కడుతుంది. సూఫ్రియేర్ నెత్తి మీదున్నది అలాంటి గుట్టే. అట్టకు సెంటీమీటరు రంధ్రం చేసి కింద నుంచి టూత్‌పేస్టు ట్యూబు మూతి ఆనించి నెమ్మదిగా నొక్కించండి. పేస్టు పైకొచ్చి గుమ్మటంలా పేరుకుంటుంది. పక్కనే తేనె ఒక చెంచా పోస్తే పారిపోతుంది. తేడా కళ్ల ముందే ఉంటుంది.

1976లో జరిగింది మరో రకం. జులైలో మొదలైన పేలుళ్లలో పైకొచ్చింది కొత్త లావా కాదు, వేడెక్కిన భూగర్భజలం ఆవిరై, పాత రాతి పొడిని ఎగజిమ్మింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ అనుకోవచ్చు: అన్నం బయటికి రాదు, ఆవిరి వస్తుంది. అయినా పెద్ద పేలుడు వస్తుందన్న భయంతో ఆగస్టులో 70 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయించారు, నెలల తరబడి వెనక్కి రానివ్వలేదు. ఆ పెద్ద పేలుడు రాలేదు. సూఫ్రియేర్ అన్న పేరులో ఉన్నది గంధకం, ఇప్పటికీ కొమ్మున ఆ వాసన వస్తుంది. పడమటి తీరంలో బుయ్యాంత్ అనే ఊరి పేరుకు అర్థం "మరిగేది". అక్కడ నేల వేడితో కరెంటు తీస్తున్నారు.

ఎవరి కింద ఉంది

దేశమా అంటే కాదు. గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగం, యూరోపియన్ యూనియన్‌లోనూ భాగం, నోటు యూరో. 1946 మార్చిలో వలస హోదా పోయి దెపార్త్‌మా అయింది, అంటే మన జిల్లా లాంటిది. ఫ్రాన్స్‌లో రీజియన్ అంటే మామూలుగా కొన్ని జిల్లాల కూటమి. ఇక్కడ ఒకే జిల్లా ఉన్న రీజియన్, కనుక ఒకే నేలకు రెండు ఎన్నికైన మండళ్లు. పారిస్ నియమించే ప్రిఫెక్టు బాస్‌తేర్ పట్నంలో ఉంటారు. కలెక్టరు అనుకుంటే పిల్లలకు అందుతుంది. కింద 32 కమ్యూన్లు, దేనికి దానికి మేయరు. జనం ఎక్కువున్న కమ్యూన్ రాజధాని కాదు, ప్వాంత్-ఆ-పీత్ర్‌ను ఆనుకుని ఉన్న లేజ్ అబీమ్. విమానాశ్రయమూ ఆ కమ్యూన్‌లోనే.

పాత అట్లాసు వాడితే సాఁ-మార్తాఁ, సాఁ-బార్తెలెమీ దీవులు కూడా ఇందులోనే కనిపిస్తాయి. 2007లో అవి విడిపోయాయి, పటంలో కొట్టేయించండి.

మన వైపు ముడి ఒకటి ఉంది, దాన్ని దాటేయకూడదు. బానిసత్వం 1848లో రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చి, 1854 చివర నుంచి 1889 దాకా సుమారు 42 వేల మంది భారతీయులను ఓడల్లో తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాపెస్తేర్ బెల్లోలో ఇప్పటికీ అమ్మవారి గుడి ఉంది. ఆ ఊరివాడే ఆంరీ సిదంబరోమ్, భారతీయ సంతతికి పౌరహక్కుల కోసం 1904 నుంచి 1923 దాకా పోరాడాడు. కొలొంబో అనే మసాలా కూర అక్కడ ఇంటింటి వంట. 1954 దాకా యానాం కూడా గ్వాడెలూప్ ఉన్న ఫ్రెంచి జెండా కిందే ఉండేది. పటం మీద యానాం దగ్గర చుక్క పెట్టి, రేపల్లె గీతకు ఎంత పైన ఉందో కొలవమనండి, ముప్పావు డిగ్రీ వస్తుంది.

చివరి పూట ప్రశ్న

పేర్లు అప్పజెప్పించుకోవద్దు. తెల్లకాగితం మీద గుండ్రటి మరీ గలాంత్ గీసి, కుడి నుంచి గాలి బాణం వేసి ఇవ్వండి. ఈ దీవిలో రేవు ఎక్కడ కడతావు, కాపెస్తేర్ ఎక్కడ రాస్తావు? రేవు ఎడమవైపు పెట్టిన పిల్లకు పాఠం వచ్చినట్టే, అసలు రేవులు గ్రాఁ-బూర్, సాఁ-లూయీ రెండూ ఆ వైపే ఉన్నాయి. కుడివైపు పెట్టినవాడి చేత ఫ్యాన్ ముందు పళ్లెం నీళ్లలో కాగితపు పడవ నిలబెట్టించండి.

ఆ తర్వాత లే సాంత్. అక్కడ రెండు పెద్ద దీవులు: తేర్-ద-ఓ అంటే పై నేల, తేర్-ద-బా అంటే కింది నేల. పటం చూపించకుండా ఏది తూర్పున ఉందో అడగండి. పైది ఉత్తరాన, కిందిది దక్షిణాన అంటే పటాన్ని గోడకు వేలాడదీసిన అలవాటు మాట్లాడుతోందన్నమాట, ఫ్యాన్ మళ్లీ కుడివైపు పెట్టి ఎగువ దిగువ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. పై నేల తూర్పున అంటే ఇక పటం తీసి చూపించొచ్చు.